మేడ మీద రేకుల గదికి రాక్‌వూల్ వేయించవచ్చా?

ప్రశ్న అడిగినాయన ఎచ్చెర్ల దగ్గర హైవే పక్కన ఇల్లు కట్టుకున్నారు. మేడ మీద సిమెంట్ రేకులతో ఒక గది వేశారు, సుమారు 200 చదరపు అడుగులు. మధ్యాహ్నమైతే అందులో కూర్చోలేకపోతున్నారు. ఒక టన్ను ఏసీ పెట్టినా చల్లబడటం లేదు. రేకుల కింద రాక్‌వూల్, అంటే రాయిని కరిగించి తీసిన పోగుల పలకలు, వేయమని మేస్త్రీ అన్నాడట, థర్మోకోల్ చాలని బావగారు అంటున్నారట. రాక్‌వూల్ కూడా ఆస్‌బెస్టాస్ లాంటిదేనని, ఊపిరితిత్తులు పాడవుతాయని ఇంకెవరో భయపెట్టారట. సముద్రపు గాలి, తుపాన్లు ఉండే మన చోట ఇది నిలుస్తుందా అని చివరి సందేహం.

ముందు సూటిగా చెప్పేస్తాను. వేయించుకోండి. 50 మిల్లీమీటర్ల మందం, 48 డెన్సిటీ (ఘనపు మీటరుకు 48 కిలోలు), ఒక వైపు అల్యూమినియం ఫాయిల్ అతికించి వచ్చే రాక్‌వూల్ మీ గదికి సరిపోతుంది. కాకపోతే రేకుల్లో ఎక్కడైనా చుక్క కారుతుంటే అది ఆగేదాకా పని మొదలుపెట్టకండి. రాక్‌వూల్ మంచిదా కాదా అన్న దానికంటే అది పొడిగా ఉంటుందా లేదా అన్నదే మన జిల్లాల్లో అసలు ప్రశ్న. ఇకపై రాసేదంతా చాలావరకు దాని గురించే.

నాది ఇన్సులేషన్ పని. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లో ఆవిరి గొట్టాల మీద మొదలుపెట్టాను. తర్వాత బొబ్బిలి, గరివిడి వైపు షెడ్లు, పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీల బాయిలర్ గదులు చేశాను. ఇప్పుడు ఇళ్ల పై గదులకూ పిలుస్తున్నారు. ఫ్యాక్టరీలో గొట్టం చుట్టూ చుట్టేదీ, మీ రేకుల కింద పెట్టేదీ ఒకటే సరుకు. డెన్సిటీ, పైన అతికించే పొర మాత్రమే మారతాయి.

రాక్‌వూల్ తయారీకి బసాల్ట్ లాంటి నల్లరాయిని, దానితో పాటు కొంత స్లాగ్‌ని (లోహం కరిగించాక మిగిలే చిట్టెం) కొలిమిలో సుమారు 1,500 డిగ్రీల దగ్గర కరిగిస్తారు. ఆ ద్రవాన్ని గిర్రున తిరిగే చక్రాల మీద పోస్తే పీచు మిఠాయి యంత్రంలో పంచదార లేచినట్టు సన్నటి పోగులై ఎగురుతుంది. ఆ పోగులకు కొద్దిగా రెజిన్ అనే జిగురు, నీరు పట్టకుండా కొంచెం నూనె కలిపి, వేడి గదిలో గట్టిపరచి పలకలుగానో చుట్టలుగానో కోస్తారు. టెక్కలి వైపు క్వారీ పెట్టుకున్న ఒకాయన, మా గ్రానైట్ ముక్కలతో ఇది చెయ్యలేరా అని అడిగారు. గ్రానైట్‌లో సిలికా సుమారు 70 శాతం దాకా ఉంటుంది. కరిగించినా బంకలా సాగుతుంది, పోగు తీయడం కష్టం. బసాల్ట్‌లో సిలికా తక్కువ కాబట్టి పలచగా కరుగుతుంది.

ఇందులో వేడిని ఆపేది రాయి కాదు, గాలి. పోగుల మధ్య ఇరుక్కుని కదలలేకపోయిన గాలే మొత్తం పని చేస్తుంది. రాక్‌వూల్ ఉష్ణవాహకత, అంటే వేడిని మోసే గుణం, మీటరుకు, డిగ్రీకి 0.035 నుంచి 0.040 వాట్ల మధ్య ఉంటుంది. నీరు వేడిని గాలి కంటే దాదాపు 24 రెట్లు ఎక్కువగా మోస్తుంది. అంటే పోగుల మధ్య గాలి పోయి నీరు చేరితే మీరు డబ్బు పెట్టి కొన్నది మిగలదు. పైగా తడిసిన పలక బరువెక్కి సీలింగ్‌ని కిందకి లాగుతుంది.

ఇప్పుడు మీ గది లెక్క చూద్దాం. మే నెల మధ్యాహ్నం రేకు అడుగు భాగం 60 డిగ్రీలు, గది లోపల 34 డిగ్రీలు అనుకోండి. ఏ అడ్డూ లేకపోతే రేకు నుంచి చదరపు మీటరుకు సుమారు 150 వాట్ల వేడి కిందికి దిగుతుంది. మీ 200 చదరపు అడుగులంటే 18.6 చదరపు మీటర్లు, అంటే మొత్తం సుమారు 2.8 కిలోవాట్లు. ఒక టన్ను ఏసీ తీయగలిగే వేడి 3.5 కిలోవాట్లు. మీ ఏసీ శక్తిలో ముప్పాతిక వంతుకు పైగా కప్పుతో పోరాడటానికే పోతోంది. గోడలు, కిటికీ, మనుషులు ఇంకా లెక్కలోకి రాలేదు. అందుకే అది ఆగకుండా తిరుగుతున్నా గది చల్లబడటం లేదు. ఏసీ చెడిపోలేదు, మార్చకండి.

అదే కప్పు కింద 50 మిల్లీమీటర్ల రాక్‌వూల్ ఉంటే చదరపు మీటరుకు 17, 18 వాట్లే దిగుతాయి. గది మొత్తానికి సుమారు 325 వాట్లు. ఇది కాగితం మీద లెక్క. అతుకుల దగ్గర, రేకుల్ని మోసే ఇనుప పైపుల దగ్గర కొంత వేడి తప్పించుకు వస్తుంది. దాన్ని రెట్టింపు చేసుకున్నా మీ ఏసీకి పెద్ద ఊరటే.

ఏసీ లేకుండా ఫ్యానుతో గడిపేవాళ్లు మాత్రం ఒకటి గుర్తుంచుకోండి. రాక్‌వూల్ చల్లదనం ఇవ్వదు, పైనుంచి దిగే సెగని ఆపుతుంది, అంతే. బయట 37 డిగ్రీలు ఉంటే లోపలా దాదాపు అంతే ఉంటుంది. నెత్తి మీద కుంపటి పెట్టినట్టుండే ఆ బాధ పోతుంది గానీ, మన తీరపు ఉక్కపోత, చెమట పోవు. అవి పోవాలంటే గాలి ఆడాలి. ఎదురెదురు కిటికీలు లేని గదికి ముందు కిటికీ పెట్టించండి.

ఇంకో మాట. రాక్‌వూల్ కంటే ముందు రేకుల పైన తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ రెండు పూతలు వేయించండి. పాతబడి నల్లబడ్డ సిమెంట్ రేకు ఎండనంతా మింగేస్తుంది. తెల్లగా ఉంటే చాలా భాగం వెనక్కి పంపేస్తుంది. తక్కువ ఖర్చులో వచ్చే లాభం ఇది. రేకుల మీద తాటి కమ్మలు పరిచే అలవాటు మన పల్లెల్లో ఉంది. చల్లగానే ఉంటుంది, కానీ టపాసుల రోజున ఒక్క నిప్పురవ్వ చాలు. గాలివాన వస్తే ఆ కమ్మలు పక్కింట్లో పడతాయి.

ఇక బావగారి థర్మోకోల్ సంగతి. వేడిని ఆపడంలో థర్మోకోల్, రాక్‌వూల్ దాదాపు సమానమే, ఆ మాట ఒప్పుకోవాలి. తేడా నిప్పు దగ్గర వస్తుంది. థర్మోకోల్ 80, 100 డిగ్రీల మధ్యే మెత్తబడి కుంచించుకుపోతుంది. అంటుకుంటే కరిగి మంటతో చుక్కలు చుక్కలుగా కిందికి కారుతుంది, నల్లటి పొగ వస్తుంది. మేడ మీద గదుల్లో వైరింగ్ చాలాసార్లు రేకుల కిందనే, సీలింగ్ పైన దాక్కుని ఉంటుంది. షార్ట్ సర్క్యూట్ అయ్యేదీ అక్కడే. పడుకునే పిల్లల నెత్తిన అలాంటి సరుకు పెట్టడానికి నేను ఒప్పుకోను, ఎంత చవకైనా సరే.

రాక్‌వూల్ పోగు 1,000 డిగ్రీలు దాటినా కరగదు. పనికి కొత్తగా వచ్చిన కుర్రాళ్లు "ఏటి బాబూ ఇది, నిప్పెడితే అంటుకోదా?" అని అడుగుతారు. అప్పుడు చిన్న ముక్కని ఆరుబయట గ్యాస్ మంట మీద పట్టుకుని చూపిస్తాను. మొదట కాస్త ఘాటు వాసన వస్తుంది, రంగు మారుతుంది. అది రెజిన్ కాలడం. ఆ తర్వాత మంట తగిలే చోట పోగులు ఎర్రగా మెరుస్తాయి. మంట తీసేస్తే ముక్క ముక్కలాగే ఉంటుంది. ఉక్కు 550 డిగ్రీల దగ్గరకి వచ్చేసరికే తన బలంలో సుమారు సగం పోగొట్టుకుంటుంది. అందుకే ఆస్పత్రుల్లో, పెద్ద భవనాల్లో ఇనుప దూలాల చుట్టూ, ఫైర్ డోర్ల లోపల, కేబుళ్లు ఒక అంతస్తు నుంచి ఇంకో అంతస్తుకు వెళ్లే కన్నాల్లో రాక్‌వూల్ కూరుతారు. మన ఊళ్లలో ఇప్పుడు లేస్తున్న నర్సింగ్ హోముల్లో ఆ కేబుల్ కన్నాలు ఖాళీగా వదిలేయడం చూస్తుంటే నాకు గుండె దడగా ఉంటుంది. పొగ ఆ దారినే పై అంతస్తుకి ఎక్కుతుంది. ఇంటి గది ప్రశ్న కాదిది, అయినా ఆస్పత్రి కట్టేవాళ్లు ఎవరైనా చదువుతుంటే దయచేసి పట్టించుకోండి.

ఆస్‌బెస్టాస్ భయం గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఆస్‌బెస్టాస్ భూమిలో దొరికే ఖనిజం. దాని పోగు నిలువునా చీలుతూ ఇంకా ఇంకా సన్నబడుతుంది, ఊపిరితిత్తుల్లో చేరితే ఏళ్ల తరబడి ఉండిపోతుంది. క్యాన్సర్ తెస్తుందని రూఢి అయింది. రాక్‌వూల్ పోగు లావుగా ఉంటుంది, అడ్డంగా విరుగుతుంది, ఒంట్లో కొంతకాలానికి కరిగిపోతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద ఉన్న క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్‌సీ 1988లో దీన్ని అనుమానిత జాబితాలో పెట్టింది. 2002లో మళ్లీ పరిశీలించి, మనుషుల్లో క్యాన్సర్ కారకమని వర్గీకరించలేని మూడో గ్రూపులోకి మార్చింది. ఆస్‌బెస్టాస్ మాత్రం మొదటి గ్రూపులోనే ఉంది.

మీరు భయపడాల్సింది కింద పెట్టే రాక్‌వూల్‌కి కాదు, పైన ఇప్పటికే ఉన్న సిమెంట్ రేకులకి. మన దేశంలో వాడే సిమెంట్ రేకుల్లో చాలా వాటిలో ఆస్‌బెస్టాస్ ఉంటుంది. కదపకుండా ఉంచితే ఫరవాలేదు. వాటికి డ్రిల్ పెట్టినా, కట్టర్‌తో కోసినా, వైర్ బ్రష్‌తో గీకినా ఆ ధూళి లేస్తుంది. రాక్‌వూల్‌ని వేలాడదీయడానికి మేస్త్రీ రేకులకే కన్నాలు వేస్తానంటే వద్దనండి. బరువంతా పైపుల మీద, గోడల మీద పడాలి, రేకుకి చెయ్యి తగలక్కర్లేదు. పెయింట్ వేసేముందు నాచు తీయాలన్నా రేకుని బాగా తడిపి మెత్తటి బ్రష్‌తో కడిగించండి, పొడిగా గీకనివ్వకండి.

రాక్‌వూల్ వల్ల దురద మాత్రం తప్పదు. పోగు చర్మానికి గుచ్చుకోవడం వల్ల వచ్చే దురద అది, స్నానం చేస్తే పోతుంది. కోసేటప్పుడు ఫుల్ హ్యాండ్ చొక్కా, గ్లౌజులు, కళ్లద్దాలు, ఎన్95 మాస్క్ ఉండాలి. కూలికి వచ్చినవాళ్లు తువ్వాలు ముక్కుకి కట్టుకుని పైకెక్కేస్తారు. మాస్కులు మీరే కొని ఇవ్వండి. పని బట్టలు ఇంట్లో బట్టలతో కలిపి ఉతకకూడదు. ఒళ్లు ముందు చన్నీళ్లతో రుద్దకుండా కడుక్కోవాలి. సీలింగ్ మూసేశాక గదిలో పోగులు ఎగిరే అవకాశం దాదాపు ఉండదు.

ఇక నీటి సంగతి. మన దగ్గర రాక్‌వూల్‌లోకి నీరు మూడు దారుల్లో వస్తుంది.

ఒకటి, వాన. రేకుల్ని పైపులకి పట్టి ఉంచే కొక్కెం లాంటి జె-బోల్టుల వాషర్లు ఎండకి పగిలిపోతాయి, నీరు బోల్టు వెంట దిగుతుంది. హుద్‌హుద్ 2014లో, తిత్లీ 2018లో వచ్చినప్పుడు ఎన్ని కప్పులు లేచిపోయాయో ఉత్తరాంధ్రలో అందరికీ తెలుసు. లేవకుండా నిలిచిన కప్పుల్లో కూడా బోల్టులు సడలి, గాలికి అడ్డంగా కొట్టిన వాన రేకుల అతుకుల్లోంచి లోపలికి వచ్చింది. అందుకే ముందు ప్రతి బోల్టూ చూసి, పాడైన వాషర్లు మార్చి, రేకు మీద రేకు ఎంత ఎక్కిందో చూడాలి. అది అయ్యాక ఒకసారి ట్యూబుతో కప్పంతా నీళ్లు కొట్టించి కింద నిలబడి చూడండి. పొడిగా ఉంటేనే పలకలు తెప్పించండి.

రెండోది చాలామందికి తోచదు. శీతాకాలం రాత్రుళ్లు ఆకాశం నిర్మలంగా ఉంటే రేకు బయటి గాలి కంటే చల్లబడుతుంది. గదిలో మనుషుల ఊపిరి, తడి బట్టల ఆవిరి పైకెళ్లి రేకు అడుగున చుక్కలు కడుతుంది. అవి పలకల మీద పడతాయి. ఫాయిల్ కింది వైపు ఉండి, పలకకీ పలకకీ మధ్య అతుకులన్నీ అల్యూమినియం టేపుతో మూసేస్తే గది ఆవిరి పైకి చేరదు. ఫాయిల్ ఎటు అని అడిగితే మీ లాంటి గదిలో కిందికి, గది వైపుకి. పైకి పెడితే రెండేళ్లలో దుమ్ము పట్టి మెరుపు పోతుంది, ఆవిరినీ ఆపదు.

మూడోది ఉప్పు గాలి. పలకకి అది ఏమీ చేయదు, పలకని పట్టుకున్న ఇనుముని తినేస్తుంది. పలకల కింద ఆధారంగా కోళ్ల జాలీ లాంటి జీఐ (జింక్ పూత ఉన్న ఇనుప) మెష్ కడతారు. సముద్రం దగ్గర ఊళ్లలో అది త్వరగానే తుప్పు పట్టి తెగుతుంది. కళింగపట్నం వైపు, భీమిలి వైపు నేను స్టెయిన్‌లెస్ స్టీల్ తీగ లేదా ప్లాస్టిక్ పూత ఉన్న మెష్ వాడుతున్నాను. మీది తీరం నుంచి కొన్ని కిలోమీటర్లే, మీకూ అదే చెప్తాను.

వేసే పద్ధతిలో, రేకుకి పలక అంటకుండా మధ్య రెండు అంగుళాలైనా ఖాళీ ఉంచండి. ఎప్పుడైనా ఒక చుక్క కారినా ఆ ఖాళీలో ఆరే అవకాశం ఉంటుంది. ఆ ఖాళీకి రెండు చివర్ల గాలి ఆడాలి. ఆ కన్నాలకి తప్పకుండా సన్నటి జాలీ బిగించండి. రాక్‌వూల్‌ని ఎలుక తినదు, చెద పట్టదు, కానీ ఎలుక దాన్ని తవ్వి గూడు చేసుకోగలదు. మన ఇళ్లలో కప్పు పాడయ్యేది చాలాసార్లు అలాగే.

పలకల కింద జిప్సం బోర్డు సీలింగ్ వేస్తే చూడటానికీ బాగుంటుంది, పోగులూ రాలవు. 48 డెన్సిటీ 50 మిల్లీమీటర్ల పలక చదరపు మీటరుకు 2.4 కిలోలు మాత్రమే, బోర్డు ఫ్రేము సులువుగా మోస్తుంది. పలకని ఫ్రేము కడ్డీల మధ్య ఎడం కంటే అర అంగుళం పెద్దదిగా కోసి ఇమిడేటట్టు పెట్టాలి, నొక్కి కుదించకూడదు. 50 మిల్లీమీటర్లది 30కి నొక్కేస్తే 30 మిల్లీమీటర్ల పనే చేస్తుంది. కొత్తగా మెటల్ రేకులు వేసుకునేవాళ్లు పైపుల మీద రాక్‌వూల్ పరిచి, దాని మీదే రేకు బిగిస్తుంటారు. అలా అయితే స్క్రూలు మామూలు వాటికంటే పొడుగైనవి తీసుకోవాలి. లేకపోతే స్క్రూ పైపులోకి సరిగ్గా దిగదు, మొదటి తుపానుకే రేకు లేస్తుంది.

సరుకు కొనేటప్పుడు డెన్సిటీని నమ్మకం మీద వదిలేయకండి, తూకం వేయండి. ఒక మీటరు పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు, 50 మిల్లీమీటర్ల మందం ఉన్న పలక 48 డెన్సిటీ అయితే 1.44 కిలోలు తూగాలి, 64 అయితే 1.92 కిలోలు. ఫాయిల్ ఉంటే ఇంకొంచెం ఎక్కువ. సంచులు తూచే చిన్న కాటా చాలు. కిలో మాత్రమే తూగితే వెనక్కి పంపేయండి. మందం అంచున కాకుండా మధ్యలో పుల్ల గుచ్చి కొలవండి. ప్యాకెట్ మీద ఐఎస్ 8183 అని ఉందో లేదో చూడండి, పలకలకీ చుట్టలకీ వర్తించే భారతీయ ప్రమాణం అది. ఫాయిల్ లేని వైపు నాలుగు నీటి చుక్కలు వేయండి. మంచి సరుకు మీద ముత్యాల్లా నిలుస్తాయి, వెంటనే ఇంకిపోతే నాసిరకం. రాక్‌వూల్ ధరకి గ్లాస్‌వూల్ (గాజు పోగులతో చేసింది) అంటగట్టేవాళ్లూ ఉన్నారు. గ్లాస్‌వూల్ ఎక్కువగా పసుపు రంగులో, చాలా తేలిగ్గా, మెత్తగా ఉంటుంది. అది చెడ్డదేం కాదు, వేడిని బాగానే ఆపుతుంది. మంటని తట్టుకోవడంలో మాత్రం రాక్‌వూల్ అంత కాదు. రెండింటికీ ఒకే ధర ఇవ్వకూడదు.

హైవే చప్పుడు గురించి మీరు అడగలేదు గానీ, పక్కనే ఉన్నారు కాబట్టి చెప్తున్నాను. రేకుల మీద వాన మోత బాగా తగ్గుతుంది. గదిలో మాట ప్రతిధ్వనించేది ఫాయిల్, బోర్డు వేస్తే పెద్దగా తగ్గదు. దానికి చిల్లులున్న బోర్డు, దాని వెనక ఫాయిల్ లేని రాక్‌వూల్ కావాలి. ఫంక్షన్ హాళ్లలో, జనరేటర్ గదుల్లో అలాగే చేస్తాం. లారీ హారన్ మాత్రం కిటికీ సందుల్లోంచే వస్తుంది. ఆ సందులు రబ్బరు బీడింగుతో మూయించండి, కప్పు మీద ఎంత పెట్టినా అది ఆగదు.

శ్లాబ్ ఇంటివాళ్లు ఇదంతా చదివి శ్లాబ్ పైన రాక్‌వూల్ పరిపించకండి. నడిచే చోట, వాన నిలిచే చోట దానికి చాలా గట్టి పలక, పైన పక్కా వాటర్‌ప్రూఫింగ్ కావాలి, ఇంటికి అంత గిట్టదు. శ్లాబ్ పైన అయితే నీరు పీల్చని ఎక్స్‌పీఎస్ (గట్టి థర్మోకోల్ లాంటి) ఫోమ్ పలకలు, వాటి మీద కాంక్రీట్ పొర, తెల్ల టైల్స్ మంచి దారి. నివాస భవనాల కోసం 2018లో వచ్చిన కేంద్ర ప్రభుత్వ ఇంధన పొదుపు నియమావళి ఎకో నివాస్ సంహిత, కప్పు గుండా దిగే వేడి చదరపు మీటరుకు, డిగ్రీ తేడాకి 1.2 వాట్లు మించకూడదంటుంది. ఒట్టి శ్లాబ్ దానికి చాలా ఎక్కువలో ఉంటుంది, కాబట్టి ఏదో ఒకటి చేయడం అవసరమే. శ్లాబ్ కింద ఫాల్స్ సీలింగ్‌లో అయితే రాక్‌వూల్ నిక్షేపంగా పెట్టుకోవచ్చు.

రొయ్యల కోల్డ్ స్టోరేజీ వాళ్లు కూడా అడుగుతుంటారు. వాళ్లకి నేను రాక్‌వూల్ చెప్పను. లోపల మైనస్ 18, బయట తడి గాలి. ఆవిరి ఏ చిన్న సందు దొరికినా గోడలోకి దూరి పోగుల మధ్య నీరై, మంచై కూర్చుంటుంది. అక్కడ రెండు రేకుల మధ్య పాలియురేతేన్ ఫోమ్ నింపిన పఫ్ ప్యానెళ్లే సరైనవి, మందానికి మందం చూస్తే వేడినీ ఇంకా బాగా ఆపుతాయి. వాటికి నిప్పు భయం ఉంది కాబట్టి వైరింగ్ విషయంలో రెట్టింపు జాగ్రత్త కావాలి.

మీ పని ఫిబ్రవరి, మార్చి నెలల్లో పెట్టుకోండి. అక్టోబరు, నవంబరుల్లో వద్దు, ఏ వాయుగుండం ఎప్పుడు వస్తుందో తెలియదు, పని సగంలో ఉంటే టెన్షన్. సరుకు దిగాక ఆరుబయట నేల మీద పెట్టకుండా చెక్కల మీద పేర్చి టార్పాలిన్ కప్పండి. ప్యాకింగ్ పాలిథిన్ చినిగిన కట్టలు ముందు వాడేయండి.

మీ రేకుల కింద ఉన్నవి ఇనుప పైపులా, చెక్క దూలాలా, వాటి మధ్య ఎడం ఎంత అన్నది రాయలేదు. అది, గది ఎత్తు రాస్తే సీలింగ్ ఫ్రేము ఎక్కడ నుంచి వేలాడదీయాలో చెప్తాను.